ముందు బండలు, ఆ యెనక నేను

బొలెరో కొత్తదేం కాదు.
టమాటా గంపలు మోసి మోసి
యెనక కమాన్లు నడుం వంగిండాయి.
ఖాసీంపీరా వచ్చి తాళం నా బల్ల మీద పెట్టి
"బేస్తవారం రాయచోటిలో పెండ్లి.
గుర్రం పోవల్ల" అన్యాడు.
ఇంగేం అనలేదు.

ఆయప్ప అననిది కడపలో అందరికీ తెల్సు.
పోయినేడు వేరేవాని బండిలో
గువ్వలచెరువు ఘాటు దిగుతా
నాలుగో మలుపు కాడ బ్రేకు పడితే
మోకాళ్ల మీద కూలింది గుర్రం.
తోలు లేచిన జాగాలో ఇప్పుడు తెల్లెంట్రుకలు.
డీజిలు బండి చప్పుడింటే చాలు,
చెవులు యెనక్కి పడిపోతాయి.

నేను వెల్డింగోన్ని.
గుర్రాల సంగతి తెల్దు, ఇనుము సంగతి తెల్సు.
ఇనుము అబద్ధమాడితే
చిన్న సుత్తితో తడితే బయటపడ్తాది.

యాడిదో మిల్లులో పడున్న తొట్టి.
అడుగు చెక్కలు చూపుకు బాగుండాయి,
స్క్రూడ్రైవరు గుచ్చితే జున్నులోకి దిగినట్లు దిగింది.
నాలుగు పీకి మద్ది పలకలేసినా.
పైన రబ్బరు చాప, గిట్ట జారకుండా.
కొక్కేన్ని చట్రానికే బిగించినా.
బంపరు మొగానికి రాసిన పౌడరు,
బరువు మోయాల్సింది ఎముక.
గొలుసులు రెండు, అడుగున కత్తెరేసి.
కొక్కెం ఊడినా తొట్టి మూతి నేల తగలకుండా
ఉయ్యాల మాదిరి పట్టుకుంటాయి.
కమాన్లకు చెరొక ఆకు చేర్చినా.
లైట్లు కలిపితే, ఎడమకేస్తే కుడి వెలిగింది.
ఓబులేసు నవ్వినాడు.
నాకు నవ్వు రాలేదు.
అట్లే ఘాటెక్కింటే
యెనకొచ్చే లారీవాడు మమ్మల్ని నమ్మి చచ్చేవాడు.

అప్పుడు బరువు.
గుర్రం నాలుగు క్వింటాళ్లంట.
పాలిష్ పట్టని కడప బండలు పది ఎక్కించినా.
యెనక్కి పేరిస్తే తొట్టి కుక్కతోక లెక్క ఊగింది,
స్టీరింగు చేతిలో నిలవలేదు.
మూడు బండలు ఇరుసుకు ముందుకు జరిపితే సల్లబడింది.
ఘాటెక్కి దిగొచ్చినాయి పదీ.
"అయిపాయ మామా, ఇంగ దాన్నెక్కిద్దాం."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
బండ కాలు మార్చదు.
బండకు ఏ మలుపూ గుర్తుండదు.
పది బండలు క్షేమంగా వచ్చినాయంటే
బండలకు బాగుందని, అంతే.

తెల్లారి తొట్టిలోకి నేనెక్కినా.
"తలుపేసి గొళ్లెం పెట్టురా.
మొదటి మలుపు దాకా పోయి రా."
పట్టుకునేదానికి గుర్రానికి చేతుల్లేవు కదా,
అందుకని వంగి, రెండు చేతులూ చాప మీద ఆన్చినా,
యాభై రెండేండ్ల నడుంతో.
ప్రతి గేరూ నా పక్కటెముకల్లో మారింది.
స్పీడుబ్రేకరు, చూసే వానికి గచ్చు గీత,
చూడలేని దానికి పాతాళం.
ఓబులేసు మంచి డ్రైవరని
ఊరంతా చెప్పింది నేనే.

దిగినాక రవ్వంతసేపు మాట రాలేదు.
ఆ యెనక, దాని మొగమెత్తులో
రేకు కోసి జానెడు జాలీ బిగించినా.
ఛాతీకి అడ్డంగా కమ్మీ, కమ్మీకి గోనెపట్ట.
ఓబులేసుకు ఒకటే చెప్పినా:
"డ్యాష్‌బోర్డు మీద గ్లాసుతో నీళ్లు పెట్టుకో.
ఒలికితే నన్ను తల్చుకో."

బుధవారం మాపు తీసుకొచ్చినారు.
సితారా అని ఖాసీంపీరా, చుక్కా అని ఓబులేసు.
దేనికీ పలకలేదు.
వాలు పలక కాడ అరగంట నిల్చుంది.
ఎవరూ లాగలేదు.
ఖాసీంపీరా బీడీ ముట్టించకుండానే పట్టుకున్యాడు.
అది ముట్టె దించి చాప వాసన చూసింది,
నా చేతులు ఆన్చిన తావునే,
చెమట ఇంకా ఉన్నిందో ఏమో.
ఒక గిట్ట పెట్టింది. తీసింది.
మళ్లీ పెట్టింది.
మద్ది పలక ఖణీమంది.

బేస్తవారం పొద్దున్నే ఫోను.
"ఘాటెక్కేసినాం. గ్లాసులో సగం పైనే ఉండాయి మామా."
అది?
"జాలీకి ముక్కానించి
పాలకోవా అంగళ్ల దిక్కు చూస్తాంది."

సరే.
వచ్చేటప్పుడు దిగుడు ఉండాది రా.
గ్లాసు నింపుకో.